కన్నీటి వెనక నిలిచిన ప్రశ్న



ఈ ఉపన్యాసం జరిపిస్తున్న ధర్మనిధి ఎవరి పేరు మీద ఏర్పడిందో ఆయన పేరు ఆహ్వానపత్రంలో డిగ్రీలతో సహా అచ్చయింది. నా నోటికి మాత్రం ‘మాస్టారు’ అన్న మాటే వస్తుంది. ఈ కళాశాలలో ఆయన చాలా ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పారు. పాఠ్యపుస్తకం తెరవక ముందు ఆ రోజు దినపత్రిక తెరిచేవారు. మాలో ఒకరిచేత ఒక వార్త చదివించి రెండే ప్రశ్నలు వేసేవారు. ఇందులో ఎవరు ఎవరిని ఏమడిగారు? దానికి జవాబు వచ్చిందా? శాసనసభ వార్త అయితే రెండో ప్రశ్న దగ్గర తరగతి అంతా తలలు దించుకునేది. ఎవరు బల్ల చరిచారో, ఎవరు కాగితాలు చించారో, ఎవరు లేచి బయటికి వెళ్లిపోయారో అన్నీ మాకు తెలిసేవి. జవాబు వచ్చిందో లేదో తెలిసేది కాదు. “మరి సభ ఎందుకు జరిగిందిరా?” అని ఆయన నిజమైన బాధతో అడిగేవారు. అధికారంలో ఉన్నవాడు ప్రజలకు జవాబు చెప్పుకోవాలన్న ఒక్క నమ్మకాన్ని పట్టుకుని బతికిన మనిషి ఆయన. దాచుకున్న పింఛను డబ్బు ఈ నిధికి ఇవ్వమని చెప్పి వెళ్లారంటే ఆ నమ్మకం ఎంత గట్టిదో మీరే ఊహించుకోవచ్చు.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండో ప్రశ్నకు సంబంధించిన సంగతే. పదవి ఒత్తిడిలో ఉన్న నాయకులు నలుగురి ముందు కంటతడి పెట్టినప్పుడు జనం ఎలా స్పందిస్తారు? కొందరు జాలిపడతారు. కొందరు ఎగతాళి చేస్తారు. కొందరు ఇది నాటకమేమోనని అనుమానిస్తారు. ఈ మూడు స్పందనలూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి గాని, మూడింటిలోనూ మన చూపు ఆ ముఖం మీదే ఆగిపోతుంది. ఆ కన్నీటికి ముందునుంచీ నిలిచి ఉన్న ప్రశ్న ఈలోగా పక్కకు జరిగిపోతుంది. నా వాదన ఇంతే. దీన్ని కొన్ని ఘటనల మీదుగా అంచెలంచెలుగా మీ ముందు పెడతాను.

1

2025 జూలై 2, బుధవారం. లండన్‌లో హౌస్ ఆఫ్ కామన్స్. సభ నడిచే రోజుల్లో ప్రతి బుధవారం మధ్యాహ్నం అక్కడ ప్రధానమంత్రి లేచి సభ్యుల ప్రశ్నలకు స్వయంగా జవాబు చెప్పాలి. ఆ రోజు ప్రధాని కీర్ స్టార్మర్ మాట్లాడుతున్నారు. ఆయన వెనకే, ముందు బెంచీ మీద, ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ కూర్చుని ఉన్నారు. శతాబ్దాల చరిత్ర ఉన్న ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆమె. ప్రతిపక్ష నాయకురాలు కెమీ బేడనాక్ ఆమె వైపు చూసి, ఆర్థిక మంత్రి ఎంతో దిగులుగా కనిపిస్తున్నారని అన్నారు. వచ్చే ఎన్నికల దాకా ఆమెను పదవిలో ఉంచుతారా అని ప్రధానిని నిలదీశారు. ప్రధాని నేరుగా అవునని చెప్పలేదు. కెమెరా ఆయన మీదే ఉంది. ఆయన వెనక కూర్చున్న ఆమె చెంప మీదికి కన్నీరు జారడం ఆ కెమెరాలోనే దేశమంతా చూసింది. సభ ముగిశాక, తానూ ఎంపీ అయిన చెల్లెలు ఎల్లీ రీవ్స్ ఆమె చేయి పట్టుకుని బయటికి తీసుకెళ్లారు.

తర్వాత జరిగింది మామూలుగా జరిగేది కాదు. డాలరుతో పౌండు విలువ దాదాపు ఒక శాతం పడిపోయింది. బ్రిటన్ ప్రభుత్వ పదేళ్ల బాండ్ల మీద వడ్డీ 4.5 శాతం లోపు ఉన్నది కొన్ని గంటల్లోనే 4.6 దాటింది. అంటే ఆ దేశం కొత్తగా అప్పు తెచ్చుకోవాలంటే పొద్దున్నకంటే సాయంత్రానికి ఎక్కువ కట్టాలి. ఒక మంత్రి కంటనీరు ఒక దేశపు అప్పు ఖరీదును కదిలించిన రోజు అది.

ఆమె కార్యాలయం అది వ్యక్తిగత విషయమని చెప్పి ఊరుకుంది. ఆర్థిక మంత్రి ఎక్కడికీ పోవడం లేదని ప్రధాని కార్యాలయం ప్రకటించింది. మర్నాడు లండన్‌లోని ఒక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరూ కలిసి కనిపించారు, ప్రధాని ఆమెను దగ్గరికి తీసుకున్నారు. బాండ్లు చాలామటుకు సర్దుకున్నాయి. ఎందుకు ఏడ్చారన్న ప్రశ్నకు, అది నా సొంత విషయం, వివరాల్లోకి వెళ్లను అని ఆమె చెప్పారు. అందరికీ కష్టమైన రోజులు ఉంటాయని, తన ఉద్యోగంలో ఆ రోజు టీవీలో కనిపిస్తుందని, తేడా అదేనని కూడా అన్నారు.

ఆ మాట చాలామందికి తగిలింది. బ్రిటన్‌లో ఎందరో ఉద్యోగినులు తాము ఆఫీసులో ఏడ్చిన రోజుల గురించి మాట్లాడారు. మన దగ్గరా అంతే. బ్యాంకులో, బడిలో, ఆస్పత్రి వార్డులో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో బాత్రూముకు వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చునే ఆడపిల్లలు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. ఆ జాలి మంచిది. దాన్ని చిన్నబుచ్చడానికి నేను ఇక్కడికి రాలేదు. ఒక మనిషి ఎందుకు ఏడ్చిందో చెప్పమని నిలదీసే హక్కు ఎవరికీ లేదని నేను నమ్ముతాను. మంత్రి అయినంత మాత్రాన ఆ మనిషి కన్నీరు ప్రభుత్వ దస్తావేజు అయిపోదు.

నేను అడగదలచుకున్నది వేరే సంగతి.

2

ఆ కన్నీటికి ముందు ఆ సభలో ఏం జరిగింది?

అంతకు ముందు రోజు, జూలై 1న, అదే సభలో ఒక సంక్షేమ బిల్లు మీద ఓటింగు జరిగింది. బ్రిటన్‌లో దీర్ఘకాలపు జబ్బుతోనో వైకల్యంతోనో బతికేవారికి ‘పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్’ అనే భృతి ఉంది. అందరూ పిప్ అంటారు. ఉద్యోగం చేస్తున్నా చేయకపోయినా వస్తుంది. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి వంట, తిండి, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి పనులు తీసుకుని, ఒక్కో పనిలో ఎంత సాయం కావాలో చూసి పాయింట్లు వేస్తారు. మొత్తం 8 వస్తే రోజువారీ జీవనానికి ఇచ్చే భృతి దక్కుతుంది. ప్రభుత్వం ఒక షరతు చేర్చాలనుకుంది. మొత్తం 8 వస్తే చాలదు, ఏదో ఒక్క పనిలోనైనా 4 పాయింట్లు వచ్చి తీరాలి.

వినడానికి చిన్న సవరణ. కొంచెం ఓపిక పట్టి లెక్క చూడండి. భుజాలకూ నడుముకూ మధ్య ఒళ్లు కడుక్కోవడానికి మరో మనిషి సాయం కావాలంటే 4 పాయింట్లు. తల రుద్దుకోవడానికో, నడుము కింద కడుక్కోవడానికో సాయం కావాలంటే 2 పాయింట్లు. నడుము కింది బట్టలు వేసుకోవడానికి సాయం కావాలంటే 2. ఇలా నాలుగు పనుల్లో రెండేసి పాయింట్లతో 8 తెచ్చుకున్న మనిషికి పాత నియమం కింద భృతి వస్తుంది. కొత్త నియమం కింద రాదు. పొద్దున్నే తనంతట తాను కడుక్కుని, కట్టుకుని గుమ్మం దాటలేని మనిషి సంగతి ఇది.

ఈ మార్పులన్నిటితో దశాబ్దం చివరికి ఏడాదికి దాదాపు 500 కోట్ల పౌండ్లు మిగులుతాయని ప్రభుత్వం లెక్క వేసింది. సొంత లేబర్ పార్టీలోనే వందమందికి పైగా ఎంపీలు ఎదురుతిరిగారు. ముందు, ఇప్పటికే భృతి పొందుతున్నవారి జోలికి రామని ప్రభుత్వం తగ్గింది. అది చాలలేదు. ఓటింగు రోజునే, చర్చ నడుస్తుండగానే, ఆ నాలుగు పాయింట్ల షరతును పక్కన పెట్టి, మంత్రి స్టీఫెన్ టిమ్స్ నడిపే సమీక్ష పూర్తయ్యాక చూస్తామని ఒప్పుకుంది. బిల్లు 335–260 ఓట్లతో గట్టెక్కింది. 49 మంది లేబర్ ఎంపీలు అప్పటికీ వ్యతిరేకంగానే ఓటు వేశారు. మిగులుతుందనుకున్న డబ్బు దాదాపుగా ఆవిరైంది. ఆ ఏడాది మార్చిలో రీవ్స్ తాను పెట్టుకున్న బడ్జెట్ నియమాలకు లోబడి మిగుల్చుకున్న వెసులుబాటు మొత్తం 990 కోట్ల పౌండ్లే. అందులో సగం ఒక్క రోజులో పోయినట్టు.

ఇవీ జూలై 2 మధ్యాహ్నానికి నిలిచి ఉన్న ప్రశ్నలు. ఖజానాలో పడిన ఆ గుంటను ఎవరి జేబులోంచి పూడుస్తారు? కార్మికుల పేరుతో పుట్టిన పార్టీకి పొదుపు అనగానే ముందు కదలలేని మనుషులే ఎందుకు కనిపించారు? ఆ పాయింట్ల పద్ధతిలో ఉన్న అన్యాయం సమీక్షలో తొలగుతుందా, పేరు మార్చుకుని తిరిగొస్తుందా? సభలో వీటిలో కొన్ని అడిగారు కూడా. ఆ రోజు చర్చ సభ అధికారిక రికార్డు అయిన హన్సార్డ్‌లో మాట మాటా ఉంది. మర్నాటి పత్రికల మొదటి పేజీల నిండా మాత్రం ఒక ముఖం ఉంది. ఆమె బలహీనురాలా, ఆడవాళ్లు ఆఫీసులో ఏడవవచ్చా, ప్రధాని వెనక్కి తిరిగి చూడలేదేం, సభకు ముందు స్పీకరుతో మాటామాటా పెరిగిందా, ఇవే రోజుల తరబడి మాట్లాడుకున్నారు. బట్టలు వేసుకోవడానికి సాయం కావలసిన మనిషి ఆ చర్చలోంచి జారిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆ ముఖం దాటి వెనక్కి చూసినవాళ్లు ఒక వర్గం ఉన్నారు. బాండ్ల వ్యాపారులు. వాళ్లకు ఆమె మీద జాలీ లేదు, కోపమూ లేదు. ఆమె పోతే అప్పుల మీద ఆమె పెట్టుకున్న కట్టుబాట్లు కూడా పోతాయా అన్నదే వాళ్ల ప్రశ్న. 2022 సెప్టెంబరు 23న అప్పటి ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ పెట్టిన బడ్జెట్‌లాంటి ప్రకటన తర్వాత బాండ్లు కుప్పకూలి, నెల తిరక్కుండానే ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటించవలసి వచ్చిన సంగతి వాళ్లు మరచిపోలేదు. వాళ్లు ప్రశ్న అడిగారు, గంటల్లో జవాబు రాబట్టుకున్నారు. ప్రధానమంత్రి బీబీసీతో మాట్లాడుతూ ఆమె చాలాకాలం ఆ పదవిలో ఉంటారని చెప్పారు. డబ్బున్నవాడు తన ప్రశ్నను కన్నీటిలో కొట్టుకుపోనివ్వలేదు. సాయం కావలసినవాడి తరఫున ఆ పట్టుదల చూపవలసింది పౌరులు, పత్రికలు. నన్ను కలచివేసేది ఈ తేడానే.

3

ఇది కొత్త సంగతి కాదు. మీలో పాతికేళ్ల లోపువారికి ఎడ్మండ్ మస్కీ పేరు తెలిసి ఉండకపోవచ్చు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు ప్రత్యర్థిగా డెమోక్రటిక్ పార్టీలో అందరికంటే ముందున్న సెనేటర్ ఆయన.

న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో మాంచెస్టర్ యూనియన్ లీడర్ అనే పత్రిక ఉండేది. దాని యజమాని విలియం లోబ్‌కు మస్కీ అంటే గిట్టేది కాదు. ఆ ఫిబ్రవరి చివర్లో ఆ పత్రిక ఒక ఉత్తరం అచ్చువేసింది. ఫ్రెంచి కెనడా మూలాలున్న అమెరికన్లను కించపరిచే మాటకు మస్కీ నవ్వారని ఆ ఉత్తరం సారాంశం. ఆ రాష్ట్రంలో ఆ మూలాలున్న ఓటర్లు దండిగా ఉన్నారు. దాంతోపాటు మస్కీ భార్య జేన్‌ను కించపరిచే రాతా వేశారు. ఫిబ్రవరి 26 ఉదయం, మంచు కురుస్తుండగా, ఆ పత్రికాఫీసు ఎదుట ఒక లారీ మీద నిలబడి మస్కీ మాట్లాడారు. లోబ్‌ను పిరికివాడన్నారు. భార్య మాట వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది, మాట ఆగిపోయింది. ఆయన ఏడ్చారని డేవిడ్ బ్రోడర్ వాషింగ్టన్ పోస్ట్‌లో రాశారు. అవి కన్నీళ్లు కావు, ముఖం మీద పడి కరిగిన మంచు అని మస్కీ వర్గం చెప్పింది.

దేశమంతా ఆ నీటి బొట్టు మీద విచారణ జరిపింది. మంచా, కన్నీరా? భార్య కోసం ఏడ్చేవాడు అణుబాంబుల మీట పట్టుకోగలడా? పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి ఆ రాష్ట్రంలో మార్చి 7న జరిగిన ప్రైమరీలో మస్కీ 46 శాతం ఓట్లతో గెలిచారు. జార్జ్ మెక్‌గవర్న్‌కు 37 వచ్చాయి. గెలిచినా ఓడినట్టే అన్నారు, సగానికి పైగా వస్తాయని ముందే లెక్కలు వేసుకున్నారు కాబట్టి. కొన్ని వారాల్లో ఆయన పోటీ చల్లబడిపోయింది.

ఆ ఉత్తరం ఎవరు రాశారు? సంతకం పెట్టిన మనిషి ఎక్కడున్నాడు? వెతికిన విలేకరులకు అలాంటి మనిషి దొరకలేదు. ఏడు నెలల తర్వాత, అక్టోబరు 10న, వాటర్‌గేట్ కుంభకోణం తీగ లాగుతున్న వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్‌లు ఒక వార్త రాశారు. ఆ ఉత్తరం తానే రాశానని శ్వేతసౌధం ఉద్యోగి కెన్ క్లాసన్ ఒక విలేకరి దగ్గర అన్నట్టు అందులో ఉంది. క్లాసన్ ఖండించారు. ప్రత్యర్థులను దెబ్బతీయడానికి నిక్సన్ మనుషులు నడిపిన దొంగాటలో అది ఒక భాగమని ఆ వార్త చెప్పింది. అప్పటికి పుణ్యకాలం గడిచిపోయింది. నవంబరులో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. 1974 ఆగస్టులో రాజీనామా చేసి వెళ్లిపోయేదాకా ఆ దేశం పడిన అవస్థ చరిత్రలో ఉంది.

బ్రోడర్ నిజాయితీ ఉన్న విలేకరి. చాలా ఏళ్ల తర్వాత, ఆ వార్త తనను ఇంకా వేధిస్తూనే ఉందని ఆయనే రాసుకున్నారు. ఆయన చూసింది రాశారు, అందులో తప్పు లేదు. కాని ఒక దొంగ ఉత్తరం, ఒక తడిసిన చెంప ఒకే వారం వార్తల్లోకి వచ్చినప్పుడు పాఠకులు చెంపనే చూస్తారు. ఉత్తరం మొదటి పేజీకి ఎక్కడానికి ఏడు నెలలు పట్టింది. ఆ మధ్యలోనే ప్రజలు తమ అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి సిద్ధమైపోయారు.

4

జాలి గురించి మాట్లాడాను. ఇక అనుమానం.

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని మన సామెత. ఎంతమంది ఇళ్లలో ఎంతమంది మగపిల్లల నోళ్లు నొక్కిందో ఈ సామెత! అమెరికాలో కూడా ఇదే తూకం వేరే రాళ్లతో నడిచింది. 1987 సెప్టెంబరులో కాంగ్రెస్ సభ్యురాలు ప్యాట్ ష్రోడర్, తాను అధ్యక్ష పదవికి పోటీ చేయనని డెన్వర్‌లో ప్రకటిస్తూ ఏడ్చారు. ఆడవాళ్లందరికీ తలవంపులు తెచ్చిందని ఆడవాళ్లే తిట్టారు. అప్పటినుంచి ఆమె, బహిరంగంగా ఏడ్చిన మగ నాయకుల వార్తలను కత్తిరించి ఒక ఫైలులో దాచడం మొదలుపెట్టారు. ఆ ఫైలు బాగా లావెక్కింది. 2008 జనవరి 7న, న్యూహాంప్‌షైర్‌లోనే, ఇంత ఒత్తిడిలో ఎలా నెట్టుకొస్తున్నారని ఒక ఓటరు అడిగితే హిల్లరీ క్లింటన్ గొంతు జీరబోయింది. మర్నాడు అక్కడి ప్రైమరీలో ఆమె గెలిచారు. కన్నీరు గెలిపించిందా అని నెలల తరబడి వాదించారు.

మన దేశంలో ఈ అనుమానానికి పార్టీ రంగు కూడా ఉంటుంది. 2021 ఫిబ్రవరి 9న రాజ్యసభలో కాంగ్రెస్ నాయకుడు గులాం నబీ ఆజాద్‌కు వీడ్కోలు చెబుతూ ప్రధాని నరేంద్ర మోదీ మాట్లాడలేక ఆగిపోయారు. అభిమానులు కరిగిపోయారు. విమర్శకులు నటనన్నారు. 2018 జూలైలో, కర్ణాటక ముఖ్యమంత్రి అయి రెండు నెలలైనా తిరక్కుండానే, హెచ్.డి. కుమారస్వామి బెంగళూరులో సొంత పార్టీ సభలో ఏడ్చారు. గరళం మింగిన శివుడిలా ఉంది తన పరిస్థితి అన్నారు. ప్రతిపక్షం నాటకమంది. 224 మంది సభ్యుల సభలో 37 సీట్ల పార్టీకి ముఖ్యమంత్రి పదవి ఇచ్చిన పొత్తులో అసలు నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు, ఆ పొత్తు షరతులేమిటి? ఓటరు తెలుసుకోవలసింది అది. ఏడాది తర్వాత ఆ ప్రభుత్వం పడిపోయినప్పుడు గాని ఆ సంగతి సూటిగా చర్చకు రాలేదు.

నిజమా, నటనా అన్నది బయటినుంచి తేల్చగల ప్రశ్న కాదు. ఏడ్చిన మనిషికే ఒక్కోసారి తెలియదు. అయినా మనం ఆ ప్రశ్ననే పట్టుకు వేలాడతాం, ఎందుకంటే దానికి ఏ సమాచారమూ అక్కరలేదు. ఎవరి పార్టీని బట్టి వాళ్లు కూర్చున్నచోటే జవాబు చెప్పేయవచ్చు. పిప్ పాయింట్ల లెక్క తెలుసుకోవాలంటే మాత్రం కూర్చుని చదవాలి. ఎగతాళికీ అనుమానానికీ ఇంత గిరాకీ ఉండటానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

5

ఇక మన ఇంటికి వద్దాం. 2021 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తన భార్య గురించి అధికారపక్ష సభ్యులు నీచంగా మాట్లాడారని ఆరోపిస్తూ అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు సభ నుంచి వెళ్లిపోయారు. మళ్లీ ముఖ్యమంత్రిగానే ఆ సభలో అడుగుపెడతానని శపథం చేశారు. తర్వాత మంగళగిరిలో విలేకరుల ముందు మాట్లాడుతూ, ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చారు. దశాబ్దాలపాటు రాజకీయాల్లో ఉన్న ఆయన అలా ఏడవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఎవరూ ఏమీ అనలేదని, అదంతా నాటకమని అధికారపక్షం కొట్టిపారేసింది. ఆ సాయంత్రం నుంచి టీవీ చర్చలన్నీ ఒకటే. నిజమా, నటనా?

2024 జూన్‌లో ఆయన అన్నట్టే ముఖ్యమంత్రిగా ఆ సభలోకి తిరిగి వెళ్లారు. దాన్ని ఆ కన్నీటి విజయమని కొందరు రాశారు. ఎన్నికలకు వంద కారణాలుంటాయి, దాని జోలికి నేను వెళ్లను. నేను అడిగేది వేరు. సభలో లేని, జవాబు చెప్పుకునే అవకాశం లేని ఒక స్త్రీ పేరు రాజకీయ కక్షలోకి లాగితే సభ ఏం చేయాలి? సభ్యుల మాటకు అడ్డుకట్ట ఎవరిది? స్పీకరు ఏ నియమం కింద ఏం చేయగలరు, ఎందుకు చేయరు? ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ప్రత్యర్థుల ఇళ్లలోని ఆడవాళ్ల మీద బురద చల్లడం మన రాజకీయాల్లో ఆనవాయితీగా మారిపోయింది. సభ లోపల అయితే ఆ కాస్త మర్యాద ఉంది, సోషల్ మీడియాలో అదీ లేదు. ఆ మాటలు ఇక్కడ చెప్పలేను. అన్ని పార్టీల ఇళ్లలో ఆడవాళ్లు వాటిని చదువుతున్నారు. రాష్ట్రమంతా ఒకే విషయం గురించి మాట్లాడుకున్న ఆ వారంలో ఒక నియమం పుట్టి ఉండాల్సింది. రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్న ఒక కట్టుబాటు పుట్టి ఉండాల్సింది. మనం ఒక పెద్దాయన కన్నీటికి మార్కులు వేస్తూ గడిపేశాం.

మనం అన్నిసార్లూ ఇలాగే గడిపేశామని కూడా అనలేను. ముఖం దాటి వెనక్కి చూసిన సందర్భం మన చరిత్రలోనే ఒకటి ఉంది. 1982 ఫిబ్రవరి. బేగంపేట విమానాశ్రయం. ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై, కార్మిక నాయకుడిగా ఎదిగి, రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినవారు. వస్తున్నది రాజీవ్ గాంధీ. అప్పటికి అమేఠీ ఎంపీ, ప్రధానమంత్రి కొడుకు. అంజయ్య భారీగా స్వాగత ఏర్పాట్లు చేశారు. ఆ హంగామా చూసి రాజీవ్ అందరి ముందూ ఆయనను కసిరారు. అంజయ్య కళ్లలో నీళ్లు తిరిగాయని అప్పటినుంచీ చెప్పుకుంటారు. ఆ నెలాఖరులోగా పదవి పోయింది. భవనం వెంకట్రామిరెడ్డి వచ్చారు. సెప్టెంబరులో ఆయనా పోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు.

అంజయ్య ప్రభుత్వం గొప్పగా నడిచిందని నేను అనను. ఆయన జంబో మంత్రివర్గం గురించి పెద్దవాళ్లకు తెలుసు. అయినా జనం ఆయన నిజంగా ఏడ్చారా అని అడగలేదు. ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వానికి ముఖ్యమంత్రిని ఢిల్లీ నుంచి ఎందుకు పంపుతున్నారు, ఎందుకు పీకేస్తున్నారు అని అడిగారు. మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు. ఆయన చైతన్యరథం ఎక్కి ఊరూరా మోసుకెళ్లింది ఆ ప్రశ్ననే. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరిలో, రెండు వందలకు పైగా స్థానాలతో ఆ పార్టీ గెలిచింది. ఆ గెలుపుకు సినిమా ఆకర్షణ ఉంది, కిలో రెండు రూపాయల బియ్యం మాట ఉంది, కాంగ్రెస్ మీద విసుగు ఉంది. ఇన్నిటి మధ్యా ఆ ప్రశ్న చెక్కుచెదరకుండా ఓటు పెట్టె దాకా వెళ్లింది. ఎందుకు వెళ్లగలిగింది? ఆ అవమానాన్ని జనం ఒక వ్యక్తి బాధగా చూడలేదు, ఒక పదవికి జరిగినదిగా చూశారు. అంజయ్య మీద జాలి పడుతూనే, ఆయన పదవిని ఎవరు నడిపిస్తున్నారో అడిగారు. ఈ రెండూ ఒకేసారి చేయవచ్చని తెలుగువాళ్లు నలభై ఏళ్ల కిందటే చేసి చూపించారు.

6

ఇంతకంటే పాత ఉదాహరణ మహాభారతంలో ఉంది. శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు ఏడుస్తాడు. యుద్ధం గెలిచాడు. రాజ్యం చేతికొచ్చింది. కర్ణుడు తన అన్న అని తెలిసింది. నాకీ రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. చుట్టూ ఉన్నవాళ్ల స్పందనలు చూడండి. అర్జునుడికి కోపం వస్తుంది. భీముడు ఎద్దేవా చేస్తాడు. నకుల సహదేవులు నచ్చజెబుతారు. అందరికంటే కఠినంగా మాట్లాడేది ద్రౌపది. జూలై 2 తర్వాత బ్రిటన్‌లో వినిపించిన గొంతులన్నీ అక్కడ ఉన్నాయి. కాని వ్యాసుడు, కృష్ణుడు అతన్ని అక్కడ ఆగనివ్వలేదు. అంపశయ్య మీద ఉన్న భీష్ముడి దగ్గరికి పంపారు. అక్కడ ధర్మరాజు అడగడం మొదలుపెట్టాడు. రాజు అనేవాడు ఎలా పుట్టాడు, పన్ను ఎంత తీసుకోవాలి, ఆపదలో రాజు ఏం చేయాలి, బలహీనుణ్ణి ఎవరు కాపాడాలి. తిక్కన తెలుగులో చెప్పిన ఆ పర్వమంతా ఒక పాలకుడి శోకం వెనకున్న ప్రశ్నలకు జవాబులే. నువ్వు నిజంగానే ఏడుస్తున్నావా అని భీష్ముడు ఒక్కసారీ అడగడు.

ఇక్కడ పత్రికారంగంలోకి వెళ్లబోయే విద్యార్థులున్నారని నాకు చెప్పారు. మీకొక పని చెబుతాను. ఈసారి ఏ నాయకుడైనా, ఏ పార్టీ నాయకురాలైనా కెమెరా ముందు కంటతడి పెట్టినప్పుడు, ఆ వార్త రాయండి, దాచవద్దు. అయితే ఆ వార్తలోనే, రెండో పేరాకు దిగకముందే, ఆ గంట ముందు ఆ మనిషిని ఎవరు ఏమడిగారో రాయండి. జవాబు రాకపోతే రాలేదని రాయండి. మర్నాడు మళ్లీ అడగండి. ఆ ముఖం ఇవాళ ఎలా ఉందని మాత్రం అడగవద్దు.

బ్రిటన్‌లో ఆ నాలుగు పాయింట్ల షరతు చట్టంలోకి రాలేదు. స్టీఫెన్ టిమ్స్ సమీక్ష వికలాంగులను కూడా కూర్చోబెట్టుకుని ఆ పాయింట్ల పద్ధతిని మళ్లీ మొదటినుంచీ చూడాలి. నడుము కింద కడుక్కోవడానికి సాయం కావలసిన మనిషికి ఎన్ని పాయింట్లు వేయాలన్నది ఆ సమీక్ష తేల్చవలసిన వాటిలో ఒకటి.  ఇంకా సమయం ఉందని అధ్యక్షులు అంటున్నారు. మీ ప్రశ్నలు అడగండి, వెనక వరుసలవాళ్లతో మొదలుపెడదాం.